సాక్షి బోనులో ఒక ఇంగ్లీషు తిట్టు

భయంతో చేసే ఉద్యోగం

కొత్తగా ఇంగ్లీషు లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. క్లాసు ఎలా మొదలుపెట్టాలి, వెనక బెంచీల వాళ్ళను ఎలా అదుపు చేయాలి అని అడుగుతారు. నేను చెప్పే మొదటి మాట వాళ్ళకు నచ్చదు. ఈ ఉద్యోగం చాలావరకు భయంతో చేసేది నాయనా, అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను.

లెక్కల లెక్చరర్‌కు ఈ బాధ లేదు. రెండు రెళ్ళు నాలుగని ఏ ఊళ్ళో చెప్పినా ఎవరూ కొట్టడానికి రారు. మనం మాటలతో బతికేవాళ్ళం. మాటకు ఎప్పుడు కోపం వస్తుందో, ఎవరికి వస్తుందో తెలియదు. పైగా చిన్న ఊళ్ళో ఇంగ్లీషు లెక్చరర్ కాలేజీకి మాత్రమే లెక్చరర్ కాదు, వీధికంతా లెక్చరరే. మందు సీసా మీద రాసిందేమిటి, బ్యాంకు వాళ్ళ మెసేజి ఏమంటోంది, పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో టీచరమ్మ రాసింది పొగడ్తా తిట్టా, అన్నీ మన దగ్గరికే వస్తాయి.

ఒకసారి కూరగాయల మార్కెట్లో తెలిసినాయన ఒకరు తన టీషర్టు మీది అక్షరాలు చూపించి అర్థం చెప్పమన్నాడు. కొడుకు వేసి వదిలేసిన చొక్కా అది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన సంచీ ఛాతీకి అడ్డం పెట్టుకొని ఇంటికి వెళ్ళాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. రాసినవాడి మీద కోపం లేదు, కొన్నవాడి మీద లేదు, అర్థం చెప్పినవాడి మీద వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే నాకు ఈ పాఠం అందింది.

నాకు పిరికితనం కొంత పుట్టుకతోనే వచ్చింది. మాది ఆళ్లగడ్డలో అంగడి పెట్టుకున్న కుటుంబం. కొనడానికి వచ్చినవాడు ఏమన్నా సరే నవ్వుతూ తూకం వేయాలని మా నాయన నేర్పించాడు. ఊళ్ళో గొడవలు జరిగే రోజుల్లో వీధిలో గట్టిగా ఎవరైనా కేకేస్తే చాలు, ఆయన చేతిలోని తక్కెడ కింద పెట్టి, అంగడి తలుపు సగం మూసేవాడు. ఆ సగం మూసిన తలుపు వెనక పెరిగినవాణ్ణి నేను. అందుకే ఇప్పుడు చెప్పబోయేది ధైర్యవంతుడి కథ అనుకోకండి.

అంటించిన పేజీలు

మా కాలేజీలో ఒక ప్రిన్సిపాల్ ఉండేవారు. మంచి మనిషి, కానీ గొడవ అన్న మాట వింటేనే ఆయనకు చెమటలు పట్టేవి. ఆయన హయాంలో డిగ్రీ పిల్లలకు ఒక గొర్రెల కాపరి గురించిన పాఠం ఉండేది. కాపరి దగ్గర ఒక ఆడకుక్క ఉంటుంది. రచయిత ఆ కుక్కను ఇంగ్లీషు పల్లెల్లో ఎలా అంటారో అలాగే అన్నాడు. బిచ్ అని.

నేను ఆ వాక్యం దగ్గరికి రాగానే గొంతు సవరించుకొని, తర్వాతి పేరాకు దూకేశాను. మా తరం లెక్చరర్లందరం అంతే. అలాంటి మాట వస్తే 'ఇది పరీక్షకు రాదు' అని దాటేసేవాళ్ళం. పిల్లలు మాత్రం సరిగ్గా అక్కడే పెన్సిలుతో గీత పెట్టుకునేవాళ్ళు. ఆ రోజు ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, ఒక లైన్ వదిలేసినారు" అంది. క్లాసు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు భార్గవ్ అనే కుర్రాడు. ఆళ్లగడ్డ దగ్గర, దొర్నిపాడు వైపు పల్లెలో పెద్ద రైతు కుటుంబం వాళ్ళది.

సంగతి ప్రిన్సిపాల్ గారి దాకా పోయింది. ఆయన నన్ను పిలిచి, "ఎందుకప్పా మనకు తలనొప్పి? రేపు ఎవరి నాయనన్నా వచ్చి ఏం నేర్పుతాండారు ఈడ అంటే నేనేం చెప్పాల? ఆ రెండు పేజీలు అంటించేయమను" అన్నారు. నిజంగానే గమ్ సీసా తెప్పించారు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఆ రెండు పేజీలూ కలిపి అంటించుకొని వెళ్ళారు. మరుసటి రోజుకు ఆ పేజీలు ఊడదీయని పుస్తకం క్లాసులో ఒక్కటీ లేదు. ఆ సంవత్సరం మా పిల్లలు అంత శ్రద్ధగా చదివిన పాఠం ఇంకొకటి లేదని నా నమ్మకం.

కొత్తగా చేరేవాళ్ళకు నా సలహా ఒక్కటే. అంటించకండి. మీరు చెప్పని అర్థాన్ని ఫోను చెబుతుంది, సినిమా చెబుతుంది. అవి మాటను నేర్పుతాయి గానీ దాని బరువు చెప్పవు.

ఆ మాట ఎక్కడిది

బరువు సంగతి వచ్చింది కాబట్టి, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత కోర్టులో నేను చెప్పాల్సి వచ్చింది కూడా ఇవే.

చాలా పాత మాట అది. పాత ఇంగ్లీషులో 'బిచ్చె' అని పలికేవాళ్ళట. ఉత్తరాన చలిదేశాల పాత భాషలోనూ దానికి దగ్గరి మాట ఉంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో పండితులు ఇంకా తేల్చుకోలేదు. అర్థం మాత్రం తేలికైనదే, ఆడకుక్క. నక్కల్లో, తోడేళ్ళలో ఆడవాటిని కూడా అనేవాళ్ళు. కుక్కల్ని పెంచేవాళ్ళు ఈనాటికీ ఆ మాట మామూలుగా వాడతారు, అందులో తప్పేమీ లేదు.

కొన్ని వందల ఏళ్ళ కిందటే దాన్ని ఆడమనిషి మీదికి తిప్పారు. ఎదకొచ్చిన ఆడకుక్క వెంట మగకుక్కలు పడతాయి కదా, అందరి వెంటా తిరిగే ఆడది అనే అర్థంలో తిట్టారు. వెంటపడేది మగకుక్కలు, తిట్టు మాత్రం ఆడకుక్కకు. పాపం ఆ కుక్క ఏం చేసింది? తర్వాత మగవాణ్ణి తిట్టాలన్నా దాని కొడుకా అని తిట్టారు. మగవాడి మీద కోపం వస్తే వాడి తల్లిని అనడం మన వైపు మాత్రమే ఉందనుకుంటే పొరపాటు.

కాలం గడిచేకొద్దీ ఆ మాట ఇంకా పాకింది. ఊరికే సణగడాన్ని అదే మాటతో అన్నారు, కొరకరాని పనిని అన్నారు. ఈ మధ్య బెంగుళూరు హాస్టళ్ళలో ఆడపిల్లలు ఒకరినొకరు ముద్దుగా అలాగే పిలుచుకుంటారట. ఒక మాటకు ఇన్ని అర్థాలు ఉండటం క్లాసులో సరదాగానే ఉంటుంది. కోర్టులో ఎంత భయంకరంగా ఉంటుందో రిటైరయ్యాక గానీ నాకు తెలియలేదు.

మద్దిలేటి వచ్చాడు

ఒకరోజు పొద్దున వాకిట్లో పేపరు చదువుకుంటుంటే జీపు ఆగింది. దిగిన మనిషి మెడలో తువ్వాలు, బుర్ర మీసాలు. చేతులు కట్టుకొని వినయంగా నిలబడ్డాడు. ఆ వినయం చూసి నేనే లేచి నిలబడ్డాను.

"నా పేరు మద్దిలేటి సారూ. ఓబుళరెడ్డి మనిషిని. రెడ్డి కొడుకు, మా చిన్నరెడ్డి భార్గవ్ మీ కాడ చదివినాడంట కదా. కేసొకటి ఉండాది. మీరు వచ్చి సాక్షం చెప్పాల."

ఓబుళరెడ్డి పేరు వినని వాళ్ళు ఆ వైపు లేరు. పాత గొడవల్లో ఆ ఇంటి పేరు చాలాసార్లు వినబడింది. ఆయన ఎవరినైనా ఏమైనా చేశాడో లేదో నాకు తెలియదు. కానీ మా అంగడి తలుపు సగం మూసుకున్న రోజుల్లో మా నాయన గొంతు తగ్గించి పలికిన పేర్లలో అదొకటి.

కేసు ఏమిటంటే, భార్గవ్ వాళ్ళ ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అనిత అనే అమ్మాయి పనిచేస్తుంది. జూపాడు బంగ్లా వైపు నుంచి వచ్చిన పిల్ల. పొలాల్లోకి పోయి, ఎవరు ఏ పంట వేశారో ఫోటో తీసి నమోదు చేయడం ఆమె పని. పంట బీమా కోసం, బీడుగా ఉన్న పొలాన్ని శనగ వేసినట్టు ఎక్కించమని భార్గవ్ అడిగాడు. బెంగుళూరులో ఏదో పెద్ద చదువు చదివి వచ్చి, ఇంటి వ్యవసాయం చూసుకుంటున్నాడు అప్పటికి. లేని పంటను ఎక్కించలేనని అనిత అంది. దాంతో భార్గవ్ అందరు రైతుల ముందూ ఆమె మొహం మీద వేలు పెట్టి ఆ మాట అన్నాడు. ఒకసారి కాదు. ఆమె కేసు పెట్టింది.

అక్కడున్న రైతులు కోర్టుకు వచ్చి, "ఇంగ్లీషులో ఏందో అన్నాడు సామీ, మాకు తెలీదు" అన్నారట. అందులో కొందరికి నిజంగానే తెలియదు. మిగిలిన వాళ్ళకు తెలియకపోవడమే మంచిదనిపించి ఉంటుంది. వాళ్ళను తప్పుబట్టే అర్హత నాకు లేదు. జీపు మలుపు తిరిగేదాకా నేను వాకిట్లోంచి కదల్లేకపోయాను.

మా ఆవిడ లోపల్నుంచి అంతా విన్నది. "ఒంట్లో బాగాలేదని చెప్పండి" అంది.

"రేపు బాగుండాల కదా. అప్పుడు మల్ల వస్తారు" అన్నాను.

వకీలు గదిలో

ఆళ్లగడ్డలో వాళ్ళ వకీలు గదికి పిలిపించారు. వకీలు చాలా మర్యాదగా మాట్లాడాడు. నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఆ మాట నిజంగా అన్నాడా అనలేదా అన్నది కూడా నన్ను అడగరట.

"మీరు డిక్షనరీలో ఉండేది చెప్పండి సార్, సాలు. మొదటి అర్థం ఆడకుక్క. నేను దాని గురించి అడుగుతా. ఇంకా ఏమేం అర్థాలు ఉండాయని అడుగుతా. స్నేహితులు కూడా ఒకర్నొకరు అనుకుంటారని చెప్పండి. బూతు అనే మాట మీ నోట్లోంచి రాకుంటే మేలు."

మూలన కుర్చీలో ఓబుళరెడ్డి కూర్చొని ఉన్నాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. ముసలాయన, మోకాళ్ళ నొప్పులేమో, కర్ర పక్కన పెట్టుకున్నాడు. చూపు మాత్రం నేను విన్నట్టే ఉంది.

"సారూ, అంత చెడ్డ మాటనా అది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా వకీలు అందుకున్నాడు. "కుక్క అని అర్థం రెడ్డీ. కోపంలో అన్నాడు, అంతే."

"కుక్క అంటే కేసా? దినామూ ఎంతమందిని అంటాంటాం మనం?" అన్నాడు ఓబుళరెడ్డి. ఆయన నటించడం లేదు. ఆ మాట గురించి ఆయనకు తెలిసింది నిజంగా అంతే. నేను తల ఊపానో లేదో నాకే గుర్తులేదు. మంచినీళ్ళు తాగి బయటపడ్డాను.

బయట మెట్ల దగ్గర భార్గవ్ కనిపించాడు. ఫోనులోంచి తల ఎత్తి, "నమస్తే సార్, బాగున్నారా? ఆ లెసన్ గుర్తుందా సార్?" అని నవ్వాడు. అదే నవ్వు. అతని వెనక మద్దిలేటి నిలబడి ఉన్నాడు. నేను కూడా నవ్వాను. భయం ఉన్నప్పుడు మనిషి ఎంత బాగా నవ్వగలడో మీకు ఇంకా తెలియదు.

అనిత

సాక్ష్యం రోజుకు ముందు ఒక వాయిదాకు నన్ను పిలిచి, ఆ రోజు పని జరక్క తిప్పి పంపారు. కోర్టు వరండాలో ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. చుడీదారు, భుజాన ఆఫీసు సంచీ. నన్నెవరో చూపించి చెప్పినట్టున్నారు.

"ఇంగ్లీషు సారు మీరేనంట కదా. నేను అనితను సార్."

నేను రెడ్డి వాళ్ళ తరఫున వచ్చానని ఆమెకు తెలిసే ఉంటుంది. అయినా వచ్చి నిలబడింది.

"ఆ మాట నాతో కోర్టులో అనిపించినారు సార్. సరిగా వినపడలేదు, మల్ల చెప్పమ్మా అన్నారు. ఆ వకీలు ఇంకోసారి చెప్పమన్నాడు. నన్ను అన్నవాడు ఆడ కూర్చొని నవ్వుతాండాడు, నేను నన్నే తిట్టుకుంటాండా. అట్ల ఉండింది సార్."

నేను చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"కాంప్రమైజ్ కమ్మంటాండారు అందరూ. నేను కావచ్చు సార్. కానీ రేపు మల్ల అదే పొలాల్లో ఒక్కదాన్నే తిరగాల నేను. ఈ కేసు పోయిందంటే నన్ను ఎవరన్నా ఏమన్నా అనొచ్చని అర్థం కదా వాళ్ళకు. మీరు ఏం చెబుతారో నాకు తెలీదు. నాకోసం అబద్ధం మాత్రం చెప్పబాకండి సార్."

అంత దూరంలో మద్దిలేటి మమ్మల్నే చూస్తున్నాడు. నేను "సరే అమ్మా" అని, ఆమె ఇంకా మాట్లాడుతుండగానే నడుచుకుంటూ వెళ్ళిపోయాను. వరండా దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. అప్పటి నుంచి సాక్ష్యం రోజు దాకా నాకు అన్నం సయించలేదు. గేటు చప్పుడైతే ఉలిక్కిపడేవాణ్ణి. వీధిలో బైకు ఆగితే మా ఆవిడ వంటగదిలోంచి తొంగి చూసేది. ఇద్దరం ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు.

బస్సు, బోను

సాక్ష్యం రోజున కారు పంపిస్తామన్నారు. బస్సులో వస్తానని చెప్పాను. నంద్యాల బస్టాండులో ఎక్కి కూర్చున్నాక పక్క సీటులో మద్దిలేటి వచ్చి కూర్చున్నాడు.

"సారును జాగ్రత్తగా తోడుకొని రమ్మన్నాడు మా రెడ్డి" అని నా చేతిసంచీ తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు.

సిరివెళ్ళ దాటాక అతను కిటికీలోంచి శనగ చేలు చూస్తూ, "మీ అంగడి మార్కెట్ కాడ కదా సారూ ఉండేది. మీ నాయన మంచోడు. ఎవరి జోలికీ పోయేవాడు కాదు" అన్నాడు. అందులో బెదిరింపు ఉందో, మామూలుగానే అన్నాడో నేను ఇప్పటికీ చెప్పలేను. దిగేటప్పుడు అతనే చెయ్యి అందించి మెట్లు దింపాడు.

కోర్టు హాలు నిండా ఆ ఊరి జనం. ఓబుళరెడ్డి ముందు వరసలో కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. అనిత గోడ వారగా నిలబడి ఉంది. నన్ను బోనులోకి పిలిచి ప్రమాణం చేయించారు. బోను చెక్క గట్టిగా పట్టుకున్నాను.

వకీలు తాను చెప్పినట్టే అడిగాడు. నేనూ ఉన్నది చెప్పాను. పాత ఇంగ్లీషు, చలిదేశాల భాష, ఆడకుక్క, కుక్కల్ని పెంచేవాళ్ళు. స్నేహితుల మధ్య సరదాగా వాడటం ఉందా అంటే ఈ మధ్య కొన్ని చోట్ల ఉందన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఓబుళరెడ్డి మొహంలో నిశ్చింత కనిపించింది. వకీలు కూర్చున్నాడు. ఇంతటితో వదిలేస్తే బాగుండని దేవుణ్ణి మొక్కుకున్నాను.

ప్రభుత్వం తరఫు వకీలు ఒకామె లేచింది. పెద్దగా కాగితాలేమీ తిరగెయ్యలేదు.

"మీరు ఈ భార్గవ్‌కు పాఠం చెప్పారు కదా. ఈ మాటకు అర్థం చెప్పారా?"

"లేదమ్మా. దాటేశాను."

"ఎందుకు దాటేశారు? ఆడకుక్క అనేగా అర్థం?"

హాలులో ఎవరో నవ్వారు.

"కుక్క పేరు చెప్పడానికి ఏ లెక్చరరూ భయపడడు కదా సార్. సరే, ఇది చెప్పండి. ఒక మగవాడు కోపంతో ఒక ఆడమనిషి మొహం మీద వేలు పెట్టి, నలుగురి ముందూ ఈ మాట అంటే, మీరు చెప్పిన అన్ని అర్థాల్లో అక్కడ వర్తించేది ఏది?"

రెడ్డి వాళ్ళ వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేట్ గారు ఆయన్ను కూర్చోమని, సాక్షిని జవాబు చెప్పనివ్వండి అన్నారు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఇంగ్లీషులో చెప్పడం తేలిక. తిట్టు కూడా ఏదో సైన్సు మాటలాగా వినిపిస్తుంది. మేజిస్ట్రేట్ గారు రెండు వాక్యాలు విని ఆపారు.

"తెలుగులో చెప్పండి మాస్టారూ. ఈ హాల్లో ఉన్నవాళ్ళకు కూడా తెలియాలి కదా."

నా కళ్ళు అనుకోకుండా అనిత వైపు వెళ్ళాయి. ఆమె నేల చూస్తోంది. మళ్ళీ అదే మాట తన మీద పడబోతోందని తెలిసి, దెబ్బకు సిద్ధమైనట్టు భుజాలు దగ్గరకు లాక్కుంది. నాకు ఆ క్షణంలో ధైర్యం వచ్చిందని చెప్పను. రాలేదు. కానీ ఆ భుజాలు చూశాక, దాటేయడానికి ఇంకో పేరా కనిపించలేదు.

"అందరి వెంటా తిరిగే ఆడది అని అర్థం. మన వైపు లంజె అంటాం. అతను అన్నది అదే" అన్నాను.

టైపు చేసే ఆయన చేతులు ఆగాయి, మేజిస్ట్రేట్ గారు ఆయన వైపు చూశాక మళ్ళీ కదిలాయి. భార్గవ్ మొహంలో నవ్వు లేదు. నేను ఓబుళరెడ్డి వైపు చూడలేదు. కర్ర నేలకు తాకిన చప్పుడు మాత్రం విన్నాను. ఆయన లేచి బయటకు వెళ్ళిపోయాడు. వెనకే మద్దిలేటి వెళ్ళాడు.

వరండా

తర్వాత తీర్పు వచ్చింది. శిక్ష పడింది, అది పెద్దదేమీ కాదు. అనిత అదే ఊళ్ళో, అవే పొలాల్లో పనిచేస్తోందని విన్నాను. ఆమెను చూస్తే రైతులు ఇప్పుడు 'మేడమ్' అంటున్నారట. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు బోను దిగినప్పుడు నాకు ఇవేమీ తెలియవు. ఈ వరండా దాటి బస్టాండుకు ఎలా పోవాలన్నదే నా ఆలోచన.

వరండా చివర ఓబుళరెడ్డి ఒక్కడే నిలబడి ఉన్నాడు. మద్దిలేటిని దూరంగా నిలబెట్టాడు. వేరే దారి లేదు. ఆయన ముందు నుంచే పోవాలి.

"సారూ" అన్నాడు.

ఆగాను. సంచీ ఛాతీకి అడ్డం పెట్టుకున్నాను.

"నువ్వు చెప్పింది నిజమేనా? అదేనా అర్థం?"

"అదే రెడ్డీ. ఆడమనిషిని నిలబెట్టి అంటే అదే."

"ఆ పాపను ఒక్కదాన్నేనా ఆ మాట అంటారు? ఎవర్నన్నా అంటారా?"

ఆయన ఏం అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఏ ఆడమనిషిని అన్నా అదే అర్థం అన్నాను. ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి, నా మొహంలోకి చూశాడు. అంతకు ముందు నేను చూసిన చూపు కాదు.

"ఇంట్లో వాళ్ళమ్మను దినామూ అంటాంటాడు సారూ. అన్నం బేగా పెట్టకుంటే అంటాడు. ఫోను యాడ పెట్టినావ్ అని అంటాడు. మేము ఏందో కోపం మాట అనుకుంటాండాం."

ఎన్నో ఏళ్ళు మాటలకు అర్థాలు చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం భార్గవ్‌కు క్లాసులోనే దాటేశాను.

ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసి, లోపల పెట్టేశాడు. అది ఆగి, మళ్ళీ మోగింది. ఈసారి తీశాడు. చెవి సరిగా వినపడదేమో, గట్టిగా వినిపించేలా పెట్టుకున్నాడు. అవతలి ఆడమనిషి గొంతు నాకూ స్పష్టంగా వినిపించింది.

"ఏమయ్యా, అయిపోయిందా? ఇంగ్లీషు సారు మనోని గురించి మంచిగా చెప్పినాడా?"

ఓబుళరెడ్డి నా వైపు చూశాడు.

"ఏందయ్యా పలకవు? సరేలే, పిల్లోన్ని తోడుకొని బేగా రాండి. అన్నం చల్లగా అయిపోతాది. మల్ల వాడు నా మీద ఇంగ్లీషు మాట్లాడతాడు" అని ఆమె నవ్వింది. కొడుక్కి ఇంగ్లీషు వస్తుందని మురిసిపోయే తల్లి నవ్వు అది.

"వస్తాండాం" అన్నాడు ఓబుళరెడ్డి. ఫోను కట్టేశాడు గానీ జేబులో పెట్టుకోలేదు. ఎవరి పేరును మా నాయన గొంతు తగ్గించి పలికేవాడో, ఆ మనిషి ఇంటికి పోవడానికి భయపడుతూ నా ముందు నిలబడ్డాడు.

"ఆమెకు ఏం చెప్పేది సారూ?" అన్నాడు.